బీరులో విషం ఉందన్న వార్త వస్తే తేల్చుకోవడం ఎలా

ఫలానా బీరులో యాంటీఫ్రీజ్ (కారు రేడియేటర్‌లో నీరు గడ్డకట్టకుండా వేసే ద్రవం) కలుపుతున్నారని, చేప తిత్తులు వేస్తున్నారని, కలుపుమందు దొరికిందని ఒక సందేశం ఫోనుకు వస్తుంది. పదార్థం పేరు ఎంత భయంకరంగా వినిపిస్తోందన్నదాన్ని బట్టి నిజం తేలదు. కాగితం, పెన్ను, పావుగంట ఓపిక ఉంటే చాలావరకు మీరే తేల్చుకోవచ్చు. కావలసినవి నాలుగే: పదార్థం పూర్తి పేరు, బీరులో అది చేసే పని, లీటరుకు ఎంత ఉందన్న అంకె, ఆ పదార్థానికి ఆహార భద్రతా సంస్థలు పెట్టిన రోజువారీ పరిమితి. వార్తలో అంకె అనేదే లేకపోతే ఇంకొకరికి పంపకండి.

ముందు పేరు చివరిదాకా చదవండి

ఎక్కువ భయాలు పుట్టేది ఇక్కడే. నురగ నిలవడానికి కొన్ని బీర్లలో ప్రొపిలీన్ గ్లైకాల్ ఆల్జినేట్ వేస్తారు. లేబుళ్ల మీద దీని నంబరు ఇ405. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినిక్ ఆమ్లంతో దీన్ని తయారు చేస్తారు. గ్లాసు అంచుకు కాస్త జిడ్డు తగిలినా నురగ వెంటనే విరిగిపోకుండా ఇది కాపాడుతుంది. ఈ పేరులోంచి చివరి మాట ఎవరో తీసేస్తారు. మిగిలిన "ప్రొపిలీన్ గ్లైకాల్"ను మరొకరు "యాంటీఫ్రీజ్" అని రాస్తారు. అసలు సంగతి చూస్తే, ప్రొపిలీన్ గ్లైకాల్‌ను ఆహారంలో, మందుల్లో పరిమితికి లోబడి వాడతారు. కార్ల రేడియేటర్లలో ఎక్కువగా వాడే విషం ఇథిలీన్ గ్లైకాల్. కిడ్నీలను దెబ్బతీసే మరో విషం డైఇథిలీన్ గ్లైకాల్. ఇంటిపేరు ఒకటే అయినా ఇవి వేర్వేరు పదార్థాలు. కాబట్టి పేరును అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, ఇ-నంబరు ఉంటే దానితోనే వెతకండి.

గ్లిజరాల్ సంగతి కూడా ఇలాంటిదే. అది ఎవరూ కలపకపోయినా బీరులో ఉంటుంది. చక్కెరలను ఆల్కహాల్‌గా మార్చేటప్పుడు ఈస్టే దాన్ని తయారు చేస్తుంది, లీటరుకు సుమారు 1 నుంచి 3 గ్రాముల దాకా. అందుకే "పరీక్షలో దొరికింది" అన్న మాటకు "కలిపారు" అన్న అర్థం తీయకూడదు.

సీసాలో మిగులుతుందా, దారిలోనే పోతుందా

బీరు తయారీలో వాడినవన్నీ గ్లాసుదాకా రావు. ఐసింగ్లాస్ అనేది చేప గాలితిత్తి నుంచి తీసిన కొలాజెన్. అది ఈస్ట్‌ను గుంపులుగా పట్టుకుని అడుక్కు దిగుతుంది, పైన తేటపడ్డ బీరును వేరు చేస్తారు. సిలికా జెల్ మడ్డి తెచ్చే ప్రొటీన్లను పట్టుకుంటుంది. పీవీపీపీ అనే ప్లాస్టిక్ పొడి, మడ్డికి కారణమయ్యే మరో రకం పదార్థాలైన పాలీఫినాల్స్‌ను పట్టుకుంటుంది, నీళ్లలో కరగదు కాబట్టి వడపోతలో ఆగిపోతుంది. బీరులో ఏవి వాడొచ్చో కట్టడి చేసిన 1516 నాటి శుద్ధి చట్టాన్ని గర్వంగా చెప్పుకునే జర్మనీలో కూడా సిలికా జెల్, పీవీపీపీ వాడకానికి అనుమతి ఉంది. కారణం, చివరికి వాటిని తీసేస్తారు. "బీరులో ప్లాస్టిక్" అన్న శీర్షిక కనిపిస్తే మొదట అడగాల్సింది ఇదే: వడపోతకు ముందు మాటా, తర్వాత మాటా?

నురగ కోసం వేసే ఇ405, రంగు కోసం వేసే కారమెల్ మాత్రం బీరులోనే ఉంటాయి. లెక్క కట్టాల్సింది ఇలాంటివాటికే.

లెక్క కట్టే పద్ధతి

రోజువారీ పరిమితిని ఏడీఐ అంటారు. జీవితాంతం ప్రతిరోజూ తీసుకున్నా హాని ఉండదని అంచనా వేసిన మోతాదు అది. శరీర బరువులో కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. సాధారణంగా జంతువులపై ఏ చెడు ప్రభావమూ కనిపించని మోతాదును 100తో భాగించి పెడతారు. ఒకరోజు దాన్ని కాస్త దాటినంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు.

ఏడీఐని మీ బరువుతో గుణించండి. వచ్చినదాన్ని లీటరు బీరులో ఉన్న మోతాదుతో భాగించండి. పరిమితిని చేరడానికి ఎన్ని లీటర్లు తాగాలో తెలుస్తుంది.

ఇ405నే తీసుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ పెట్టిన ఏడీఐ కిలోకు 70 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 4,200 మిల్లీగ్రాములు అవుతుంది. లీటరుకు 100 మిల్లీగ్రాములు వేశారనుకున్నా పరిమితి 42 లీటర్ల దగ్గర వస్తుంది. 5 శాతం బీరు లీటరులో దాదాపు 39 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 42 లీటర్లలో 1,600 గ్రాములు దాటుతుంది. అందులో చిన్న భాగమే ప్రాణం తీయడానికి చాలు. నురగ మందు గురించి కంగారుపడే మనిషి గ్లాసులో ఉన్న అసలు ప్రమాదాన్ని చూడడం లేదని ఈ అంకె స్పష్టంగా చెబుతుంది.

లెక్క తప్పేది ముఖ్యంగా ప్రమాణాల దగ్గర. మిల్లీగ్రాము, మైక్రోగ్రాము మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంది. "కిలోకు" అన్న మాట శరీర బరువుకా, ఆహారపు బరువుకా అన్నది కూడా చూడాలి. కారమెల్ రంగులో ఉండే 4-ఎంఈఐ అనే రసాయనం గురించిన అంకెలు తరచూ చిక్కటి రంగు సరుకువి, బీరువి కావు. రెండింటినీ కలిపేస్తే భయం పెరుగుతుంది, నిజం మాత్రం దూరమవుతుంది.

ఎవరి పరిమితితో పోల్చారో చూడండి

2016లో మ్యూనిక్‌లోని ఒక పర్యావరణ సంస్థ 14 జర్మన్ బీర్లను పరీక్షించింది. గ్లైఫోసేట్ కలుపుమందు లీటరుకు 0.46 నుంచి 29.74 మైక్రోగ్రాముల దాకా దొరికింది. "పరిమితికి 300 రెట్లు" అని వార్తలు వచ్చాయి. ఆ పరిమితి బీరుది కాదు. తాగునీటికి యూరప్ పెట్టిన 0.1 మైక్రోగ్రాము అది. ఆరోగ్యపు ఏడీఐతో లెక్కిస్తే వేరే చిత్రం వస్తుంది: అప్పటి విలువ కిలోకు 0.5 మిల్లీగ్రాము, 60 కిలోలకు 30 మిల్లీగ్రాములు, అంటే అత్యధికంగా దొరికిన బీరుతో కూడా రోజుకు వెయ్యి లీటర్లు. జర్మనీ ప్రభుత్వ ప్రమాద అంచనా సంస్థ చెప్పిన అంకె కూడా ఇదే.

"క్యాన్సర్ కారకాల జాబితాలో ఉంది" అన్న మాటనూ జాగ్రత్తగా చదవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగమైన ఐఏఆర్‌సీ పెట్టే వర్గాలు సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతాయి, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. 4-ఎంఈఐ 2బి వర్గంలో ఉంది, "కావచ్చు" అన్నంత మట్టుకే. ఆల్కహాల్ పానీయాలు 1988 నుంచి 1వ వర్గంలో, అంటే క్యాన్సర్ కారకమని రుజువైనవాటిలో ఉన్నాయి.

నిజమైన ప్రమాదం ఎలా కనిపిస్తుంది

సందేహించడమంటే అన్నిటినీ కొట్టిపారేయడం కాదు. బీరు మనుషులను చంపిన సందర్భాలు ఉన్నాయి. 1900లో మాంచెస్టర్ ప్రాంతంలో బ్రూయింగ్ చక్కెర తయారీకి వాడిన ఆమ్లంలో ఆర్సెనిక్ ఉండడంతో వేలమంది జబ్బుపడ్డారు. 2020లో బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన బీరు తాగి మనుషులు చనిపోయారు. ఈ రెండూ కావాలని కలిపినవి కావు, ముడిసరుకులోనూ తయారీలోనూ పొరపాటున చేరిన విషాలు. 1970ల చివర్లో బయటపడిన నైట్రోసమీన్లు అనే హానికర రసాయనాలు మాల్ట్‌ను (మొలకెత్తించిన బార్లీని) నేరుగా మంట పొగలతో ఆరబెట్టడం వల్ల వచ్చాయి. ఆ పద్ధతి మార్చాక బాగా తగ్గాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 1965-66 నాటి క్యూబెక్ ఉదంతం. నురగ కోసం చాలా కొద్దిగా కోబాల్ట్ కలిపిన బీరును రోజూ లీటర్లకొద్దీ తాగినవారికి గుండె కండరం దెబ్బతింది. రక్తహీనతకు అంతకన్నా ఎక్కువ కోబాల్ట్‌ను మందుగా ఇచ్చినా అలా కాలేదు. అతి తాగుడు, పోషకాహార లోపం తోడై హాని పెంచాయని తర్వాత భావించారు. పైన చెప్పిన లెక్క సగటు ఆరోగ్యం ఉన్న మనిషికే సరిపోతుందని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

అంటే నమ్మదగ్గ వార్తలో ఒకే చోట, ఒకే లక్షణాలతో చాలామంది రోగులు ఉంటారు, బ్యాచ్ నంబరు ఉంటుంది, ప్రయోగశాల అంకె ఉంటుంది.

కొందరికి మాత్రం చిన్న మోతాదు కూడా ముఖ్యమే. ఆస్తమా ఉన్నవారు సల్ఫైట్ల గురించి, సీలియాక్ జబ్బు ఉన్నవారు (గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ ప్రొటీన్ పడనివారు) గ్లూటెన్ గురించి, చేపల అలర్జీ ఉన్నవారు ఐసింగ్లాస్ గురించి తయారీదారును రాతపూర్వకంగా అడగాలి. చాలా చోట్ల బీరు లేబుల్ మీద పదార్థాలన్నీ రాయాలన్న నిబంధన లేదు, యూరప్‌లో ఐసింగ్లాస్‌కు అలర్జీ హెచ్చరిక నుంచి కూడా మినహాయింపు ఉంది.

ఒక సీసా మీద నిజంగా అనుమానం వస్తే పారబోయకండి. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, బ్యాచ్ నంబరు ఫొటో తీసి, ఆహార భద్రతా అధికారులకు అప్పగించండి. తాగిన కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో చూపు మసకబారినా, మూత్రం తగ్గినా, వాంతులతో కడుపునొప్పి వచ్చినా హ్యాంగోవర్ అనుకుని పడుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏం తాగారో, ఎప్పుడు తాగారో చెప్పండి. మిథనాల్ అనే విషపు ఆల్కహాల్‌కు, గ్లైకాల్ విషాలకు చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత బాగా పనిచేస్తుంది.