భార్యాభర్తలు కలిసి హెచ్‌ఐవీ పరీక్షకి వెళ్లాలంటే ఏం చేయాలి

ముందే చెప్పేస్తా, దీనికి ఆన్‌లైన్ ఫారం, స్లాట్ బుకింగ్ లాంటివేవీ అక్కర్లేదు. జిల్లా ఆసుపత్రుల్లో, ఏరియా ఆసుపత్రుల్లో, చాలా సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఐసీటీసీ (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష చేసే ప్రభుత్వ కేంద్రం) అని బోర్డు ఉన్న గది ఉంటుంది. ఓపీ టైమ్‌లో ఇద్దరూ నేరుగా వెళ్లి "మాకు హెచ్‌ఐవీ పరీక్ష చేయండి" అని కౌన్సెలర్‌ని అడిగితే చాలు. డబ్బులు తీసుకోరు, పెళ్లి సర్టిఫికెట్ అడగరు. పల్లెల్లో చాలా పీహెచ్‌సీల్లో వేలికి సూది గుచ్చి చేసే తొలి పరీక్ష కూడా ఉంది, ఎక్కడుందో ఏఎన్‌ఎంకో ఆశాకో తెలుస్తుంది. అక్కడ తెలిసినవాళ్ల కంట పడతామని టెన్షన్‌గా ఉంటే పక్క మండలానికో పక్క జిల్లాకో వెళ్లండి, మీ ఊరు ఫలానా సెంటర్ కిందకే వస్తుందనే రూలేమీ లేదు.

చాలామంది మగవాళ్లు ఆగిపోయేది ఒకే ఒక్క మాట దగ్గర. "మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు చేశారు, నెగెటివ్ వచ్చింది, ఇంక నాకెందుకు?" అంటారు. ఆ రిపోర్టు ఆవిడది మాత్రమే. ఏళ్ల తరబడి కాపురం చేస్తున్నా ఒకరికి వైరస్ ఉండి ఇంకొకరికి లేకపోవడం మామూలుగా జరిగేదే, కాబట్టి ఒకరి రక్తం చూసి ఇద్దరి సంగతీ చెప్పడం కుదరదు. పైగా భార్య ఒక్కతే వెళ్లి పాజిటివ్ అని తెలుసుకుంటే ఆ కబురు ఇంటికి మోసుకెళ్లి మొగుడికి, అత్తమామలకి చెప్పాల్సిన భారమంతా ఆమె మీదే పడుతుంది, "నీ వల్లే వచ్చింది" అనే నింద కూడా ఆమెకే. ముందు పరీక్ష చేయించుకున్నంత మాత్రాన వైరస్ ముందు వాళ్లకే వచ్చిందని కాదు. ఇద్దరూ కలిసి వింటే ఆ మాట అనడానికి ముందే కౌన్సెలర్ పక్కన ఉంటారు.

లోపల ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు, ఆ తర్వాత ఒక్కొక్కరినీ విడిగా అడిగి ఒప్పుకోలు తీసుకుంటారు. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, భర్త ఒప్పుకుంటే భార్య ఒప్పుకున్నట్టు కాదు. రిజిస్టర్‌లో ఇద్దరికీ వేర్వేరు నంబర్లు వేస్తారు, రక్తం ట్యూబు మీద ఉండేది ఆ నంబరే. ఫలితం మామూలుగా అదే రోజు చెప్పేస్తారు, కలిసి వింటామని ఇద్దరూ అంటేనే కలిపి చెప్తారు. నిజం తెలిస్తే కొడతాడనో ఇంట్లోంచి గెంటేస్తాడనో భయం ఉన్న ఆడవాళ్లు ఆ విడిగా మాట్లాడే టైమ్‌లో కౌన్సెలర్‌కి చెప్పేయండి. అలాంటి ప్రమాదం ఉన్నప్పుడు భర్తకి చెప్పకూడదని అదే చట్టంలో ఉంది. అంత భయం ఉంటే కలిసి వెళ్లక్కర్లేదు, ముందు ఒక్కరే వెళ్లండి.

పీహెచ్‌సీలో తొలి పరీక్షలో హెచ్‌ఐవీ ఉన్నట్టు కనిపిస్తే అదే ఖాయమనుకుని కుంగిపోవద్దు, ఐసీటీసీలో వేర్వేరు కిట్లతో మూడు పరీక్షలు చేశాకే పాజిటివ్ అని తేలుస్తారు. నెగెటివ్ వచ్చినా, ఈ మధ్యే రిస్క్ జరిగి ఉంటే మూడు నెలలయ్యాక మళ్లీ చేయించుకోవాలి, కొత్తగా సోకిన వైరస్ వెంటనే పరీక్షలో బయటపడకపోవచ్చు.

పాజిటివ్ అని తేలితే అక్కడి నుంచే హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి పంపుతారు. 2017 నుంచి సీడీ4 (రోగనిరోధక శక్తి ఎంతుందో చూపే రక్తకణాల లెక్క) ఎంత ఉన్నా మందులు ఉచితంగా మొదలుపెడుతున్నారు, ఎక్కువమందికి రోజుకి ఒకే మాత్ర. మానకుండా వేసుకుని రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో అది కనిపించనంతగా తగ్గి అలాగే నిలబడితే కలయిక వల్ల రెండోవాళ్లకి సోకదు, అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి. ఇద్దరిలో ఒకరికే ఉంటే రెండోవాళ్లు ఎప్పుడెప్పుడు మళ్లీ పరీక్షకి రావాలో కౌన్సెలర్‌ని అడిగి రాయించుకోండి. భార్య గర్భిణి అయితే ఆ రోజే చెప్పండి, తల్లి మందులు ఎంత తొందరగా మొదలుపెడితే బిడ్డకి సోకే అవకాశం అంత తగ్గుతుంది.

దగ్గర్లో సెంటర్ ఎక్కడుందో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబర్.