గండికోటలో సొంత టెంటు వేసుకుని తక్కువ ఖర్చుతో ఉండటం ఎలా?

గండికోటకు పోయినప్పుడల్లా నాకు ఒక సీను తప్పదు. సాయంత్రం ఐదున్నరకి నలుగురు కుర్రాళ్లు కారు దిగుతారు, లేబుల్ కూడా తీయని కొత్త టెంటు బయటికి లాగుతారు, ఫోటో బాగా వస్తుందని లోయ అంచుకు పదడుగుల దూరంలో దాన్ని నిలబెట్టి బిర్యానీ పొట్లాలు విప్పుకుంటారు. రాత్రి పదకొండుకి చూస్తే నలుగురూ నాలుగు మూలలు పట్టుకుని నిలబడి ఉంటారు, టెంటేమో గాలిపటంలా లేస్తూ ఉంటుంది. మిగతా రాత్రంతా కార్లో కూర్చునే నిద్ర. పొద్దున్నే వాచిపోయిన ముఖాలతో "ఇక్కడ క్యాంపింగ్ వేస్ట్ అన్నా, రూమ్ తీసుకోవడమే బెటర్" అని పక్కవాళ్లకి సలహా ఇచ్చి వెళ్లిపోతారు.

వేస్ట్ కాదు. టెంటు వేయడం రాకపోవడం వేస్ట్. మిగతా పనులన్నీ ఎవరైనా చేస్తారు, అందుకే వాటి గురించి గబగబా చెప్పేస్తాను.

ఎప్పుడు, ఎలా పోవాలి

డిసెంబరు, జనవరి. అంతే. ఎండాకాలంలో ఆ బండరాయి మీద మధ్యాహ్నం కాలు పెట్టలేరు, రాత్రి కూడా అది సెగలు కక్కుతూనే ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో పచ్చగా బాగుంటుంది గానీ అల్పపీడనం అనే మాట వినబడితే టికెట్ క్యాన్సిల్ చేసుకోండి. శనివారం రాత్రి అసలు వద్దు, స్పీకర్ల మోత. మంగళ, బుధవారాల్లో పోతే టెంట్ల వాళ్లు కూడా మర్యాదగా బేరానికి వస్తారు.

హైదరాబాద్ నుంచైనా బెంగళూరు నుంచైనా రాత్రి జమ్మలమడుగు బస్సో ప్రొద్దుటూరు బస్సో ఎక్కడమే చవక. రైలు కావాలంటే ముంబై-చెన్నై లైన్లో ముద్దనూరు, ఎర్రగుంట్ల ఉన్నాయి, నంద్యాల లైన్లో జమ్మలమడుగు స్టేషనే ఉంది. జమ్మలమడుగు నుంచి కోట 15 కిలోమీటర్లు, ఆటో మాట్లాడుకోవచ్చు. నీళ్లు, అరటిపండ్లు, రొట్టెలు జమ్మలమడుగులోనే కొనుక్కోండి, అలాగే పొద్దున ఉగ్గాని, బజ్జీ అక్కడే తిని బయల్దేరండి. మనిషికి 4 లీటర్ల నీళ్లు. రెండు చాలవా అని అడుగుతారు. చాలవు.

ఏమేం కావాలి

ముగ్గురికి సరిపోయే టెంటు ఇద్దరికి. టెంటు మీద రాసే సంఖ్యను ఎప్పుడూ నమ్మకండి, "ముగ్గురికి" అంటే ముగ్గురు, ఊపిరి బిగబట్టుకుని అని అర్థం. రెండు మూడు వేలల్లో వచ్చే మామూలు డోమ్ టెంటు చాలు. కింద పరచడానికి టార్పాలిన్ పట్టా, యోగా మ్యాట్, ఒక కంబళి, తలకు పెట్టుకునే లైటు. వీటన్నిటికంటే ముఖ్యమైనది, ఎవరూ తెచ్చుకోనిది 20 మీటర్ల నైలాన్ తాడు. టెంటుతో వచ్చే తాళ్లు బొమ్మకు కట్టే దారాల్లా ఉంటాయి, వాటిని లెక్కలోకి తీసుకోకండి.

ఎక్కడ వేయాలి

కోట లోపల, గుడి అరుగుల మీద పడుకుందామనే ఆలోచన ఉంటే మానుకోండి. మాధవరాయ స్వామి గుడి, రంగనాథుడి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం ఇవన్నీ పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. కోట బయట, హరిత హోటల్ ఉన్న దారిలో అటూ ఇటూ టెంట్లు అద్దెకిచ్చే స్థానికులు ఉంటారు. వాళ్ల దగ్గరికి పోయి "టెంటు మా దగ్గర ఉంది, స్థలం, బాత్రూమ్ మాత్రం చాలు, ఎంత?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో మీ ఖర్చు సగానికి పడిపోతుంది. ప్యాకేజీలో టెంటు, భోజనం, చలిమంట, పాటలు అన్నీ కలిపి ఇస్తారు, వాటిలో మీకు నిజంగా కావాల్సింది ఆ బాత్రూమ్ ఒక్కటే. దానికి డబ్బు ఇవ్వడానికి మాత్రం పిసినారితనం చేయకండి. చీకట్లో చెంబు పట్టుకుని లోయ పక్కకి పోవడం పొదుపు కాదు.

ఊళ్లో ఎవరింట్లోనైనా రాత్రికి రొట్టెలు చేసిస్తారేమో అడిగి చూడండి. నాకు ఒకసారి జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి దొరికాయి. బార్బెక్యూ పేరుతో మాడ్చి ఇచ్చే చికెన్ దాని ముందు ఏ మూలకి?

ఇక టెంటు నిలబెట్టడం

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

గండికోట నేల మట్టి కాదు, ఎర్రటి క్వార్ట్జైట్ రాయి. ఆ రాతిని కోసుకుంటూ పెన్నా చేసిన లోయ అది, సుమారు 300 అడుగుల లోతు. ఆ గోడలకు కొట్టుకున్న గాలి పైకి ఎగదన్నుకుని సరిగ్గా అంచు దగ్గర బయటపడుతుంది. అంటే అందరూ ఫోటో కోసం టెంటు వేసే చోటే గాలి ఎక్కువ, మేకు దిగని చోటూ అదే. మైదానంలో నేర్చుకున్న టెంటు పాఠాలు ఇక్కడ పనికిరావు.

మొదటిసారి నేనూ అంచుకే పోయాను. మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి, "ఆడేయద్దు నా, రేత్రికి గాలి శానా వచ్చాది" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. తెల్లవారుజామున మూడింటికి నా టెంటు తుమ్మకంపల్లో దొరికింది, రెండు కడ్డీలు విరిగి. అది లోయ వైపు కాకుండా కంపల వైపు ఎగరడం నా అదృష్టం. అప్పుడు నేను అందులో లేకపోవడం ఇంకా పెద్ద అదృష్టం.

కాబట్టి అంచు నుంచి కనీసం వంద అడుగులు వెనక్కి రండి. దీనికి మినహాయింపు లేదు. పిల్లలుంటే రెండొందలు. రాత్రి నిద్రమత్తులో లేచి రెండడుగులు తప్పు దారిలో వేసినా ఏమీ కాకూడదు. ఆ అంచుకి చాలాచోట్ల కంచె లేదు. పొదో పెద్ద బండో గాలికి అడ్డంగా ఉన్న చోటు చూసుకోండి. పల్లంగా, మెత్తగా ఉందని గుంటలో వేయకండి, ఒక్క జల్లు పడిందంటే నీళ్లన్నీ వచ్చేది అక్కడికే. గాలి ఎటు నుంచి వస్తోందో గుప్పెడు ఎండుగడ్డి వదిలి చూడండి, టెంటు తలుపు దానికి ఎదురుగా ఉండకూడదు.

తర్వాత రాళ్లు పోగు చేసుకోవాలి. రెండు చేతులతో ఎత్తాల్సినంత పెద్దవి ఎనిమిది, కొబ్బరికాయంతవి ఎనిమిది. ప్రతి రాయినీ ముందు కర్రతోనో బూటు కాలితోనో అటు దొర్లించి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. తేళ్లుంటాయి. చాదస్తం అనుకుంటే మీ ఇష్టం.

ఇంకో మాట. రాళ్లు విడిగా పడి ఉన్న నేల మీద నుంచే తీసుకోవాలి. కోట గోడ పక్కన చక్కగా చెక్కిన రాళ్లు పడి ఉంటాయి, సైజు కూడా సరిగ్గా సరిపోతుంది, చెయ్యి లాగుతుంది. ముట్టుకోకండి. పెమ్మసాని నాయకులు ఏలిన కోట అది. వాళ్ల తర్వాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి వచ్చాక, 1652లో ఆయన్ని కలవడానికి టావెర్నియే అనే ఫ్రెంచి నగల వర్తకుడు ఇక్కడికే వచ్చాడు. ఆ గోడ రాయి మన టెంటు తాడు కట్టుకోవడానికి కాదు. చట్టం మాట కూడా చెప్తాను, రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. గోడల మీద ప్రేమికుల పేర్లు చెక్కే మహానుభావులకీ ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు పట్టా పరవండి. టెంటు అడుగు కంటే పట్టా బయటికి రాకూడదు, వస్తే మంచు నీళ్లు, వాన నీళ్లు దాని మీద పడి నేరుగా మీ వీపు కిందికి చేరతాయి. దాని మీద టెంటును చదునుగా పరిచి, కడ్డీలు ఎక్కించకముందే లోపల నాలుగు మూలల్లో బ్యాగులు గానీ నీళ్ల క్యాన్లు గానీ పెట్టేయండి. ఈ వరుస తప్పడమే అందరూ చేసే పొరపాటు. ముందు కడ్డీలు ఎక్కిస్తారు, టెంటు ఉబ్బుతుంది, గాలి అందుకుంటుంది, ఇక దాని వెనకాల పరుగు. బరువు ముందు, కడ్డీలు తర్వాత.

కడ్డీలు ఎక్కించాక తాళ్లు. రాయికి తాడు చుట్టేసి వదిలేయడం కాదు, అలా కడితే గాలి లాగినప్పుడల్లా ఆ రాయి అంగుళం అంగుళం జరుగుతూ వస్తుంది. నా పద్ధతి ఇది: తాడు చివర చిన్న రాయికి కట్టండి. దాన్ని టెంటుకి నాలుగైదు అడుగుల దూరంలో పెట్టి తాడు బిగుతుగా లాగండి. ఇప్పుడు పెద్ద రాయిని, చిన్న రాయికి ముందు, అంటే టెంటుకీ చిన్న రాయికీ మధ్య, తాడు మీద పెట్టండి. గాలి లాగితే చిన్న రాయి వచ్చి పెద్ద రాయికి ఆనుకుని ఆగిపోతుంది. ఎంత లాగితే అంత బిగుసుకుంటుంది. మేకులు కొడదామని సుత్తులు తెచ్చేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది, ఆ రాతిలో మేకే వంగుతుంది. ఇసుక సంచులు తెమ్మనే వాళ్లూ ఉన్నారు, బస్సులో పోయేవాడు ఇసుక మోస్తాడా?

నాలుగు మూలలకీ ఇలాగే. గాలి వచ్చే వైపు మాత్రం రెండేసి తాళ్లు. ఆ రాయి అంచులు కత్తుల్లా ఉంటాయి, తాడు ఒరుసుకునే చోట పాత గుడ్డ మడిచి పెట్టండి, లేకపోతే నాలుగు గంటల్లో తాడు తెగుతుంది. అయిపోయాక కడ్డీల మధ్య పట్టుకుని గట్టిగా ఊపండి, మొహమాటపడొద్దు. టెంటు వణకాలి గానీ అడుగు కదలకూడదు. కదిలితే ఆ మూల మళ్లీ కట్టండి.

ఇదంతా సూర్యుడు ఉండగానే, నాలుగింటికి మొదలుపెట్టి ఐదింటికి ముగించాలి. సూర్యాస్తమయం చూసొచ్చి వేద్దాం అనుకున్నవాళ్లే పైన చెప్పిన నలుగురు కుర్రాళ్లు.

పడుకునే ముందు ఒకసారి చుట్టూ తిరిగి తాళ్లు చూడండి, మంచుకు నైలాన్ తాడు సాగుతుంది, వదులైన వాటిని మళ్లీ బిగించండి. చలి వేస్తోందని టెంటు కిటికీలన్నీ మూసేయకండి, మీ ఊపిరే నీళ్లై మీద కారుతుంది. లోపల స్టవ్ వెలిగించడం, కుంపటి పెట్టుకోవడం మాత్రం చావును పిలవడమే, వాటి నుంచి వచ్చే విషవాయువుకి వాసన కూడా ఉండదు. బయట మంట కూడా వద్దంటాను నేను. చుట్టూ ఎండుగడ్డి, పైన గాలి. కంబళి తెచ్చుకుంటే సరిపోయేదానికి మంట ఎందుకు?

పొద్దున

ఐదున్నరకే లేచి లోయ దగ్గరికి పొండి. టెంటులో తిండి వదలకండి, కోతులు జిప్పు తీయవు, చింపుతాయి. సూర్యోదయం చూశాక ఎండ ముదరకముందే కోటంతా తిరిగేయొచ్చు. చాలామంది లోయతో సెల్ఫీ తీసుకుని వెనక్కి వచ్చేస్తారు. ధాన్యాగారం లోపలికి పోయి ఒక్క నిమిషం నిలబడండి, బయటి కంటే ఎంత చల్లగా ఉంటుందో తెలుస్తుంది.

ఇంకో పూట ఉంటే దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో బెలుం గుహలు ఉన్నాయి. మొత్తం 3,229 మీటర్ల పొడవు, అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మనం నడవొచ్చు. లోపల బాగా ఉక్క, పల్చటి బట్టలు వేసుకోండి.

టెంటు విప్పేటప్పుడు రాళ్లు తీసిన చోటే పెట్టండి, ప్లాస్టిక్ బాటిళ్లు జమ్మలమడుగు దాకా మోసుకుపోండి. మడిచే ముందు టెంటును తిరగేసి గట్టిగా దులపండి, పట్టా కింది వైపు కూడా. ఒకసారి బస్సు తొందరలో దులపకుండా మడిచి తెచ్చాను. మూడు రోజుల తర్వాత ఎండలో వేద్దామని బాల్కనీలో మా ఆవిడ విప్పితే నల్ల తేలు ఒకటి తాపీగా నడుచుకుంటూ బయటికి వచ్చింది. ఇప్పుడు టెంటు మా ఇంటి గుమ్మం దాటి లోపలికి రాదు, స్కూటర్ డిక్కీలోనే ఉంటోంది.