పోడు భూమికి పట్టా సాధించుకోవడం ఎలా?

విశాఖ మన్యంలో పాత ట్రంకు పెట్టెలు వెతికితే పోడు కొట్టినందుకు అటవీశాఖ రాసిన జరిమానా రసీదు ఏ అడుగునో దొరకవచ్చు. దాన్ని పారేయకండి. ఆనాడు నేరమని రాసిన ఆ కాగితమే ఇవాళ భూమి మీ సాగులో ఉందనడానికి మంచి సాక్ష్యం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి 4 హెక్టార్ల వరకు హక్కు వస్తుంది.

ముందు గ్రామసభ జరగాలి. సగం మందికి తగ్గకుండా హాజరు కావాలి, వచ్చినవారిలో మూడోవంతు మహిళలుండాలి. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టిస్తే సభ జరిగినట్టు కాదు. ఈ సభే 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకుంటుంది.

ఫారం-ఎ నింపి, కనీసం రెండు ఆధారాలు జతచేసి ఆ కమిటీకి ఇవ్వండి. ఓటరు కార్డు, ఇంటిపన్ను రసీదు చెల్లుతాయి. కాగితాలే లేకపోతే ఊరి పెద్దల వాంగ్మూలం రాయించండి. చెప్పే పెద్ద దరఖాస్తుదారు కాకూడదు. రాతిగట్లు, పాత సమాధులు కూడా ఆధారాలే. ఉపగ్రహ చిత్రంలో కనబడలేదన్న ఒక్క మాటతో కాదనడానికి వీల్లేదు. ముట్టినట్టు రసీదు తీసుకోండి.

అసలు కీలకం సర్వే రోజు. అటవీ, రెవెన్యూ సిబ్బందితో ఇంటిల్లిపాదీ హద్దు వెంట నడవండి. జీపీఎస్ పట్టుకున్న ఉద్యోగి ఏటవాలు దగ్గర ఆగి, ‘అదిగో, ఆ చెట్టు వరకే కదా’ అంటే తల ఊపకండి. గెడ్డ (వాగు) ఒడ్డు నుంచి పైన చివరి జీడిమామిడి మొక్క దాకా నడిపించండి. అక్కడ పోయిన అరెకరం తరువాత ఏ ఆఫీసు చుట్టూ తిరిగినా రావడం కష్టం. పంచనామాలో ఆ సిబ్బంది సంతకం, హోదా, తేదీ ఉండాలి. ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

గ్రామసభ నుంచి వెళ్లిన దరఖాస్తును సబ్ డివిజన్ కమిటీ తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగండి. నిర్ణయం అందిన 60 రోజుల్లో కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. గిరిజనులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది. పరిశీలన ముగిసేదాకా ఎవరూ ఖాళీ చేయించకూడదు.

పట్టాల హడావిడిలో అందరూ మరచిపోయేది ఉమ్మడి హక్కు. అడ్డాకులు, కొండచీపుర్లు, తేనె తెచ్చుకునే అడవికి ఫారం-బి, దాన్ని కాపాడుకునే అధికారానికి ఫారం-సి ఉన్నాయి. నన్నడిగితే ఊరికి ఇవే పెద్ద ఆస్తి.

పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా వస్తుంది, పిల్లలకు దక్కుతుంది, అమ్మడానికి మాత్రం కుదరదు. ఏజెన్సీలో, అంటే షెడ్యూల్డ్ ప్రాంతంలో, ఇతర భూములనైనా గిరిజనేతరులు స్టాంపు కాగితం మీద రాయించుకుంటే 1/70 చట్టం ప్రకారం చెల్లదు. పాడేరులో గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరుకు ఫిర్యాదు చేయండి. అనకాపల్లి జిల్లా రావికమతం, రోలుగుంట వైపు గిరిజన గూడేలు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు కనుక వాటికి 1/70 రక్షణ లేదు. అటవీ హక్కుల చట్టం మాత్రం అక్కడా వర్తిస్తుంది.