క్లాసులు నడుస్తుండగానే పాత యూనివర్సిటీ భవనానికి మరమ్మతు: సమస్యలు, పరిష్కారాలు

హైదరాబాద్‌లో చదువు చెప్పే పాత భవనాలన్నీ ఒక్కలాంటివి కావు. కోఠిలో మహిళా కళాశాల నడిచిన రెసిడెన్సీని 1800ల తొలి ఏళ్లలో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి (రెసిడెంట్) కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. అది ఇటుక, సున్నంతో కట్టింది. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ గ్రానైట్ భవనం. కాబట్టి ఒకచోట పనికొచ్చిన పద్ధతిని ఇంకోచోట గుడ్డిగా వాడొద్దు. ముందు గోడ దేనితో కట్టారో చూసుకుని కింది వాటిలోకి రండి.

గోడ అడుగున పెయింట్ పొక్కులు లేస్తోంది, తెల్లటి పొడి రాలుతోంది

వేలితో తుడిస్తే అంటుకునే ఆ పొడి ఉప్పు. పిడికిలితో తట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తుంది. అంటే ప్లాస్టర్ గోడను ఎప్పుడో వదిలేసింది.

చాలాసార్లు కారణం పాత రిపేరే. సున్నం గోడ తేమను పీల్చుకుంటుంది, మళ్లీ బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంట్ పూసి, ఆపైన ప్లాస్టిక్ పెయింట్ వేస్తే తేమకు దారి మూసుకుపోతుంది. అది లోపలే పైకి పాకుతుంది, నీళ్లు ఆరినచోట ఉప్పు గట్టిపడి ప్లాస్టర్‌ను తోసేస్తుంది. ఇలాంటప్పుడు కాంట్రాక్టర్ వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేద్దామనో, నడుము ఎత్తు వరకు టైల్స్ అంటిద్దామనో అంటాడు. దయచేసి ఒప్పుకోకండి. తేమ ఇంకో రెండడుగులు పైకి ఎక్కుతుంది, అంతే.

ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తేల్చండి. గోడ మీద పాలిథిన్ ముక్కను నాలుగువైపులా టేపుతో అంటించి ఒకట్రెండు రోజులు ఉంచండి. తడి గోడవైపు పడితే తేమ గోడలోదే, గదివైపు పడితే గాలిలోది. బయటికెళ్లి చూస్తే గోడనానుకుని పూల పాదులు, పగిలిన వానపైపు, పొర మీద పొర వేసి పునాది మట్టం కన్నా ఎత్తుకు లేపిన సీసీ రోడ్డు, వీటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. దాన్ని సరిచేయకుండా లోపల తాపీ పెట్టొద్దు.

తర్వాత సిమెంట్‌ను బ్రేకర్ మెషిన్‌తో కాకుండా ఉలితో నెమ్మదిగా విడదీయించండి. ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపాలి, నీళ్లతో కడిగితే తిరిగి గోడలోకే పోతుంది. గోడను ఆరనివ్వండి. లావు గోడకు నెలలు పడుతుంది. ఆ తర్వాతే డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం), ఇసుక, సుర్కీ (ఇటుక పొడి) కలిపిన పూత. బెల్లం, కరక్కాయ నీళ్లు ఎంత పోయాలో తెలిసిన మేస్త్రీ దొరికితే అతని మాట వినండి, కానీ ఒక మూల చిన్న నమూనా వేయించి చూశాకే గోడంతా అప్పగించండి. పైన సున్నం వెల్లే వేయాలి.

కొత్త సున్నం పూత నెర్రెలిస్తోంది

మేలో పూసి ఉంటారు. పిల్లలు ఉండరు కదా అని అందరూ ప్లాస్టరింగ్‌ను వేసవి సెలవుల్లోనే పెడతారు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటూ నిదానంగా గట్టిపడుతుంది, దానికి తడి ఉండాలి. నలభై డిగ్రీల ఎండలో ఆ తడి ముందే ఆవిరైపోతుంది.

నా అభిప్రాయంలో మొత్తం షెడ్యూల్‌కు ఆయువుపట్టు ఇదే. సెలవుల్లో చప్పుడు పనులు పెట్టండి: సిమెంట్ కొట్టడం, పాత పైపులు పీకడం, వర్షాలకు ముందే పూర్తికావలసిన టెర్రస్ పని. సున్నం పూత పెద్దగా చప్పుడు లేని పని, చల్లటి వాతావరణం కోరుతుంది. అక్టోబర్ నుంచి జనవరి దాకా పక్క గదిలో క్లాసు నడుస్తున్నా చేసుకోవచ్చు. గోనెపట్టాలు కట్టి తడుపుతూ ఉండాలి. ఉప్పు నీటి బోరైతే వేరే నీళ్లు తెప్పించండి.

పరీక్ష హాల్లోకి డ్రిల్లింగ్ చప్పుడు

టెండర్ పిలిచినప్పుడు కాంట్రాక్టర్ చేతికి పరీక్షల టైమ్ టేబుల్ ఇవ్వలేదు, అసలు కారణం అది. చప్పుడు పనులకు ఏ గంటలు, ఏయే రోజులు పూర్తిగా బంద్ అన్నది అగ్రిమెంట్‌లోనే రాయాలి. మధ్యలో ఆపమంటే అతను కూలీల నష్టం అడుగుతాడు, అడగడం న్యాయం కూడా. పరీక్ష తేదీలు మారితే ఎవరు, ఎన్ని రోజుల ముందు చెప్పాలో అది కూడా రాయండి.

దుమ్ము

గ్రానైట్ పొడిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. రాయిని బయటే, నీళ్లు పోస్తూ కోయించండి. కూలీలకు ఎన్95 మాస్కులు మీరే ఇవ్వండి. లైబ్రరీ రాక్‌లకు వానాకాలంలో పాలిథిన్ కప్పితే బూజు పడుతుంది, నూలు బట్ట కప్పండి.

రాళ్ల సందుల్లో రావి మొక్క

పీకొద్దు, వేరుతోపాటు రాయి కదులుతుంది. మొదలుకంటా కోసి, కోతకు కలుపుమందు పూయండి. వేరు చచ్చాక తీసి, సందును సున్నంతో నింపండి.

గోడలో పగులు

పాతదా, ఇంకా పెరుగుతోందా? పగులుకు అడ్డంగా సన్నని గాజు పలకను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికి తేదీ రాయండి. పలక విరిగితే పగులు కదులుతున్నట్టే, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలవండి.

ఏసీ పైపు కోసం కార్నిస్‌కు (గోడ పైఅంచున ముందుకు పొడుచుకొచ్చిన అలంకార పట్టీకి) బెజ్జం కొట్టారు, పని ఆగిపోయింది

ఎలక్ట్రీషియన్‌కు ఏది ముట్టుకోకూడదో ఎవరూ చెప్పలేదు. తెలంగాణలో 2017 వారసత్వ చట్టం ఉంది. రక్షిత జాబితాలోని భవనానికి అనుమతి కాగితం రానిదే పని మొదలుపెట్టకూడదు. ప్రతి గదికీ ముందే ఫొటోలు తీసి, ముట్టకూడనివి వాటి మీద ఎర్రగా గుర్తించి, ఒక కాపీ సైట్‌లో గోడకు అంటించండి. వైర్లు గోడ తొలిచి కాకుండా పైపైన కాండ్యూట్‌లో (వైర్ల గొట్టంలో) పోనివ్వండి.

రోజూ ఫిర్యాదులు

జనానికి టెన్షన్ పెట్టేది చప్పుడు కన్నా, రేపు ఏ మెట్లు మూస్తారో తెలియకపోవడం. ప్రతి సోమవారం ఆ వారం పనులు తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్‌లలో బోర్డు మీద పెట్టండి. ఫోన్ ఎత్తే మనిషి ఒక్కరే ఉండాలి. వీల్‌చైర్‌లో వచ్చే విద్యార్థికి వేరే దారి, అమ్మాయిలకు దగ్గరలో టాయిలెట్ ఏర్పాటు చేశాకే పాతవి మూయాలి. ఇందులో రాజీ పడొద్దు.

పని అయ్యాక తొలి వానకే కారింది

టెర్రస్ తవ్వే ముందు నీళ్లు పోయే తూము చూడండి, ఆకులతో మూసుకుపోయి ఉండొచ్చు. జూన్‌కు ముందు, వానాకాలమంతా వారానికోసారి శుభ్రం చేయించండి. టెర్రస్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో పేరుతో సహా రిజిస్టర్‌లో రాయండి.