కార్తీకానికి తులసి కావాలంటే వానల్లో ఈ జాగ్రత్తలు

క్షీరాబ్ది ద్వాదశి నాటికి మీరు విత్తనం నుంచి పెంచిన తులసే కోటలో ఉండాలంటే ఆషాఢంలోనే విత్తుకోవాలి. అంటే విశాఖలో వానలు పడే రోజుల్లో. ఈ కాలంలో నీళ్లు చాలక పోయే మొలకలకంటే నీళ్లెక్కువై పోయేవే ఎక్కువ.

విత్తనాలకు ముదురు తులసి మీద ఎండిన వెన్నులు దూసి, అరచేతిలో నలిపి, పొట్టు ఊదేయండి. గసగసాలంత గింజలు మిగులుతాయి. కొట్లో దొరికే సబ్జా గింజలు వేరే మొక్కవి, వాటితో తులసి రాదు.

మట్టిలో కలపడానికి బీచ్ ఇసుక మాత్రం తేవద్దు. దగ్గర్లోనే ఉంది కదా అనిపిస్తుంది గానీ, అందులోని ఉప్పు లేత వేళ్లను చంపేస్తుంది. ఏటి ఇసుక, ఎర్రమట్టి, కోకోపిట్ (కొబ్బరి పీచు పొట్టు) సమంగా కలిపితే చాలు. కుండీ అడుగున కన్నం తప్పనిసరి. విత్తనాలను లోతుగా పాతకుండా పైనే చల్లి వేలితో మెల్లగా అదమండి, వాటికి వెలుతురు తగలాలి. వారం, రెండు వారాల్లో మొలుస్తాయి.

అసలు గండం ఆ తర్వాతే. నిరుడు రెండు రోజుల ముసురుకి నా కుండీని డాబా మీదే వదిలేశాను. మూడో రోజు చూస్తే మొలకల ఆకులు పచ్చగానే ఉన్నాయి, కాడ మాత్రం మట్టిని తాకే చోట నల్లగా, దారంలా సన్నబడి పక్కకు వాలిపోయింది. అది నారుకుళ్ళు. పట్టిన మొలక బతకదు. చుట్టుపక్కల మట్టితో సహా దాన్ని తీసేసి, మిగిలినవాటికి నీళ్లు ఆపి గాలి తగలనివ్వాలి. అందుకే మొదటి మూడు వారాలు కుండీని చూరు కింద, ఉదయపు ఎండ పడే చోట పెట్టండి. పైమట్టి ఆరితేనే పొద్దున్న స్ప్రే బాటిల్‌తో తడపండి, సాయంత్రం వద్దు. కుండీ కింద ప్లేటులో నీళ్లు నిలిస్తే వేళ్లూ కుళ్ళుతాయి, దోమలూ పెరుగుతాయి. రోజూ పారబోయండి.

నాలుగైదు జతల ఆకులొచ్చాక వేరే కుండీలోకి మార్చి, కొస చిగురు తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది.

అక్టోబరు, నవంబరుల్లో తుపాను కబురు వింటే కుండీని పిట్టగోడ మీంచి ముందే దించండి. హుద్‌హుద్ మన మీదకు వచ్చింది 2014 అక్టోబరు 12నే. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఉండేవాళ్లు గాలి తగ్గగానే ఆకులను మంచినీళ్లతో కడగండి, ఉప్పు పొర అలాగే ఉంటే అంచులు మాడిపోతాయి.