ఇంటి నుంచి పని చేస్తుంటే "ఇవాళ ఏం చేయలేదు" అని తినేసే గిల్ట్, దాన్ని తగ్గించుకునే దారి

సాయంత్రం ఏడు దాటినా లాప్‌టాప్ మూయాలంటే చేయి రాదు. పొద్దున్నుంచి కూర్చునే ఉన్నాం, మూడు మీటింగులయ్యాయి, బోలెడు మెయిల్స్‌కి రిప్లై ఇచ్చాం, అయినా లోపల ఏదో తప్పు చేసినట్టే ఉంటుంది. నాకైతే మొదటి రెండేళ్ళు ఇలాగే గడిచాయి, భోజనం చేస్తూ కూడా ఒక చేత్తో మౌస్ కదుపుతూ ఉండేదాన్ని, చాట్‌లో నా పేరు పక్కన ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే పచ్చ చుక్క పోతే పని ఎగ్గొట్టాననుకుంటారేమో అని. ఎవరూ ఒక్కసారి కూడా అడగలేదు.

ఆఫీసులో మాత్రం ఎనిమిది గంటలూ ఎవరు తలొంచుకుని పని చేస్తారు చెప్పండి? పక్క సీటు వాళ్ళతో మాటలు, లిఫ్ట్ కోసం నిలబడటం, మీటింగ్ రూమ్ ఖాళీ అయ్యేదాకా ఆగడం, అన్నీ పని లెక్కలోకే వెళ్ళిపోతాయి. ఇంట్లో పది నిమిషాలు కిటికీ దగ్గర నిలబడితే మాత్రం దొంగతనం చేసినట్టుంటుంది. పని తగ్గలేదు, చేసింది మన కంటికే కనపడట్లేదు, అంతే.

అందుకే పొద్దున మెయిల్ తెరవకముందే ఒక కాగితం తీసుకుని (ఫోన్ వద్దు, తీస్తే నోటిఫికేషన్లే ముందు లాగుతాయి) ఇవాళ ఏవి అయితే చాలో రాయండి, మూడు దాటొద్దు. "రిపోర్ట్ పని" అని రాస్తే అది ఎప్పటికీ అవ్వదు, "రిపోర్ట్ రెండో భాగం డ్రాఫ్ట్, టేబుల్స్ లేకుండా" అని రాస్తే కొట్టేయొచ్చు. అదే కాగితం వెనకవైపు అనుకోకుండా వచ్చిపడ్డవి రాయండి, కొత్తగా చేరినవాళ్ళ డౌట్ తీర్చడం, ఎవరిదో ఫైల్ చూసిపెట్టడం లాంటివి. ఒక మంగళవారం ముందువైపు ఒక్కటే కొట్టేసి ఉంది, ఏడుపొచ్చేసింది, తిప్పి చూస్తే వెనక పదకొండు ఉన్నాయి. నా గిల్ట్ సగం తగ్గింది ఆ వెనకవైపు వల్లే.

మేనేజర్ నుంచి "ఒకసారి కాల్ చేయొచ్చా" అని మెసేజ్ రాగానే గుండె దడదడలాడితే వెంటనే రిప్లై కొట్టకండి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరేడు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి, రెండు మూడు నిమిషాలు చాలు. పీల్చేటప్పుడు గుండె వేగం కొంచెం పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. ఇంకా మంచి పని ఏంటంటే మేనేజర్‌నే నేరుగా అడగడం, "మెసేజ్‌కి ఎంతసేపట్లో రిప్లై ఇస్తే సరిపోతుంది" అని. అడగడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది, జవాబు "రెండు గంటల్లో చాలు".

అసలు మొదలుపెట్టడమే కష్టంగా ఉన్న రోజు పొమొడోరో పనికొస్తుంది, 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ ఆయన మొదలుపెట్టిన పద్ధతి, 25 నిమిషాలు పని, 5 నిమిషాలు బ్రేక్. బ్రేక్‌లో కుర్చీలోంచి లేవాలి, ఫోన్ స్క్రోల్ చేస్తే అది రెస్ట్ కాదు.

ఇవన్నీ చేసినా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, పొద్దున లేవాలంటేనే భయమేస్తున్నా డాక్టర్‌నో కౌన్సిలర్‌నో కలవండి, ఇంకొంచెం చూద్దాం అని సాగదీయొద్దు. బర్నౌట్‌ని, అంటే ఎడతెగని పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడాన్ని, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో పనికి సంబంధించిన సమస్యగానే చెప్పింది, బద్ధకం అనలేదు.

ఇక సాయంత్రం. సగంలో ఆగిన పని బుర్రలో తిరుగుతూనే ఉంటుంది కాబట్టి లేచే ముందు "రేపు మొదట ఈ ఫైల్ తెరిచి ఇక్కడ్నుంచి" అని ఒక్క లైన్ రాసిపెట్టండి. తర్వాత లాప్‌టాప్ బ్యాగులో పెట్టేయండి, టేబుల్ మీద వద్దు. ఛార్జర్ కూడా లోపలే పెట్టండి, బయటుంటే రాత్రి పదింటికి ఒక్క మెయిల్ చూద్దామని మళ్ళీ తీస్తారు.