పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లో గేర్‌బాక్స్, క్రౌన్ మార్పిడి: సమస్యలు - పరిష్కారాలు

పెద్ద టైర్లు వేశాక బండి లాగట్లేదు

29 అంగుళాల టైర్లు తీసి 33 వేశారు. చిన్న ఎత్తుకే కింది గేరు వేయాల్సి వస్తోంది. చాలామంది ఇంజన్‌ని అనుమానించి కార్బురేటర్ విప్పుతారు. పాపం, తప్పు దానిది కాదు. టైరు పెద్దదైతే చక్రం ఒక్క చుట్టుకే బండి ఎక్కువ దూరం పోతుంది, అందుకే 3.73 క్రౌన్ 3.28 లాగా పనిచేస్తుంది. (క్రౌన్ అంటే యాక్సిల్ లోపలి పెద్ద పళ్ళ చక్రం, దాన్ని తిప్పే చిన్నది పినియన్. క్రౌన్ పళ్ళని పినియన్ పళ్ళతో భాగిస్తే వచ్చేదే 3.73 లాంటి నిష్పత్తి.)

పాత నిష్పత్తిని కొత్త టైరు సైజుతో గుణించి, పాత సైజుతో భాగించండి: 3.73 × 33 ÷ 29 = 4.24. దానికి అటూ ఇటూ మామూలుగా దొరికే సెట్లు 4.10, 4.56. ఏది కొనాలన్నది గేర్‌బాక్స్‌ని బట్టి ఉంటుంది. ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ కన్నా షాఫ్ట్ వేగంగా తిరిగే పై గేరు) లేని బండిలో గంటకు 100 కి.మీ. వేగం దగ్గర 4.10తో ఇంజన్ నిమిషానికి సుమారు 2,600 చుట్లు, 4.56తో 2,890 చుట్లు తిరుగుతుంది. నేనైతే 4.10 వేస్తాను. 0.70 ఓవర్‌డ్రైవ్ ఉన్న 700ఆర్4 ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టాలనుకుంటే 4.56తోనూ 2,020కి దిగుతుంది, అప్పుడు అదే సరైనది. 3.73ని అలాగే ఉంచి ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్ ఒక్కటే పెడితే 1,650 అవుతుంది. పాత ఇంజన్ అంత తక్కువలో బరువు లాగలేదు, గేర్లు పైకీ కిందికీ మారుతూనే ఉంటాయి. గేర్‌బాక్స్, క్రౌన్ రెండిటికీ కలిపి లెక్క వేశాకే డబ్బు ఖర్చుపెట్టండి.

ఫోర్ వీల్ వేస్తే బండి బిగుసుకుపోతోంది

ముందు యాక్సిల్‌లో పాత నిష్పత్తి ఉండిపోయి ఉంటుంది. రెండూ సమానంగా ఉండాలి. హౌసింగ్ మీది ట్యాగ్‌ని నమ్మొద్దు, ఇన్నేళ్లలో ఎవరు ఏం మార్చారో తెలీదు. కవర్ తీసి పళ్ళు లెక్కపెట్టండి: క్రౌన్‌కి 41, పినియన్‌కి 11 ఉంటే 3.73, పినియన్‌కి 10 ఉంటే 4.10, 9 ఉంటే 4.56. నిష్పత్తులు కలిసినా పొడి తారు రోడ్డు మీద బిగుస్తుంటే అది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ (ముందు, వెనక షాఫ్ట్‌లు ఒకే వేగంతో తిరిగేలా బిగించే రకం) స్వభావం. అక్కడ టూ వీల్‌లోనే నడపండి.

కొత్త క్రౌన్ పినియన్‌కి అందట్లేదు

డానా 44 రకం యాక్సిల్‌లో 3.73 వరకు ఒక క్యారియర్ (క్రౌన్‌ని బిగించే లోపలి భాగం), 3.92 నుంచి పైకి ఇంకొకటి. నిష్పత్తి ఆ గీత దాటితే క్యారియర్ కూడా మార్చాలి.

క్రౌన్ మార్చాక ఊళ పెడుతోంది

ఇక్కడ తొందరపడితే కొత్త సెట్టు పోతుంది. ముందు శబ్దం ఎప్పుడు వస్తోందో వినండి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడో వదిలినప్పుడో మాత్రమే వస్తే పళ్ళు సరిగ్గా కలవట్లేదు. నొక్కినా వదిలినా ఒకేలా గరగరమంటే బేరింగ్. మలుపులో మారితే చక్రం బేరింగ్‌ని చూడండి.

పళ్ళకు మార్కింగ్ పేస్ట్ రాసి తిప్పండి. అచ్చు పంటి పైఅంచున పడితే పినియన్‌ని క్రౌన్ వైపు జరపాలి, పంటి అడుగున పడితే దూరంగా జరపాలి. దానికి పినియన్ షిమ్ (సన్నటి లోహపు రింగు) మార్చాలి. బ్యాక్‌లాష్‌ని (క్రౌన్, పినియన్ పళ్ళ మధ్య ఖాళీని) డయల్ గేజ్‌తో కొలవండి. చాలా యాక్సిళ్లకు 0.15 నుంచి 0.25 మి.మీ. మధ్య ఉంటుంది, మీ సెట్టుతో వచ్చిన కాగితంలోని అంకెనే పాటించండి. క్రష్ స్లీవ్ (బిగించేకొద్దీ నలిగే గొట్టం) ఉన్న పినియన్ నట్టు ఎక్కువ బిగిస్తే వెనక్కి వదులు చేయకూడదు. కొత్త స్లీవ్ వేసి మళ్ళీ మొదలుపెట్టాలి. విసుగొచ్చే పనే, కానీ వదులు చేసి సరిపెడితే పినియన్ బేరింగ్ నిలవదు.

మొదటిసారి 15–20 నిమిషాలు మెల్లగా నడిపి పూర్తిగా చల్లారనివ్వండి. మొదటి 800 కి.మీ. బరువు లాగొద్దు. తర్వాత ఆయిల్ మార్చండి.

గేర్‌బాక్స్ మార్చాక వణుకు

కొత్త గేర్‌బాక్స్ పొడవు తేడా వల్ల ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) వెనక్కి పోయి ఉంటుంది. అప్పుడు వెనక షాఫ్ట్ పొట్టిగా, ముందుది పొడవుగా చేయించి బ్యాలెన్స్ పట్టించాలి. షాఫ్ట్ రెండు చివర్లలో ఒక్కొక్క క్రాస్ (యూనివర్సల్ జాయింట్) ఉంటే పినియన్ కోణం ట్రాన్స్‌ఫర్ కేసు కోణానికి సమాంతరంగా ఉండాలి.

ఆటోమేటిక్‌లో గేర్లు తొందరగా, మెత్తగా పడి ఆయిల్ మాడు వాసన

700ఆర్4 అయితే ముందు టీవీ కేబుల్‌ని (థ్రాటిల్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే తీగని) చూడండి. లోపలి ప్రెషర్ దాని మీదే ఆధారపడుతుంది. అది వదులుగా ఉంటే క్లచ్ ప్లేట్లు జారి కాలిపోతాయి. కార్బురేటర్ దగ్గర సరైన బ్రాకెట్ పెట్టి, థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు కేబుల్ కూడా పూర్తిగా లాగబడేలా సరిచేసేదాకా బండి తీయకండి.

మాన్యువల్‌లో గేరు వేస్తే కిర్రుమంటోంది

క్లచ్ పూర్తిగా విడుస్తోందా అన్నది మొదట చూడాలి. విడుస్తుంటే ఆయిల్‌ని అనుమానించండి. పాత బాక్సుల్లో ఇత్తడి సింక్రో రింగులు (గేర్ల వేగాన్ని కలిపేవి) ఉంటాయి. జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అడిగే బాక్సులో క్రౌన్‌కి వాడే జీఎల్-5 పోస్తే ఆ రింగులు పాడవుతాయి.

స్పీడోమీటర్ తప్పు

33 టైర్లతో, పాత క్రౌన్‌తో ముల్లు 100 చూపిస్తే అసలు వేగం సుమారు 114. క్రౌన్ 4.10 చేశాక కూడా 103 దాకా ఉంటుంది. కేబుల్ చివరి చిన్న ప్లాస్టిక్ గేరు మారిస్తే సరిపోతుంది.